పాత ఇంటికి కొత్త గది: బస్తా ధర కంటే సరకు లెక్కే ముఖ్యం

ఇల్లు బాగుచేయించదలచిన మధ్యతరగతి కుటుంబం మొదట చూసేది సిమెంటు ధర. బస్తాపై 20 రూపాయలు తగ్గిందంటే పని మొదలుపెడదామని, 20 రూపాయలు పెరిగిందంటే మరి రెండు నెలలు ఆగుదామని అనుకోవడం పరిపాటి. పెద్ద భవనాలు కట్టే కాంట్రాక్టరుకు ఈ లెక్క సరైనదే. ఒక గది, ఒక మరుగుదొడ్డి వేసుకుని, పై కప్పు మరమ్మత్తు చేయించుకునే కుటుంబానికి మాత్రం ఈ లెక్క అంతగా వర్తించదు. అటువంటి ఇంట్లో డబ్బు పోయేది ధరల హెచ్చుతగ్గుల వల్ల కాదు. సరకు కొలతలో, పనుల వరసలో, పాత సామాను అమ్మకంలో పోతుంది.

ఉదాహరణకు కోస్తా పట్టణంలో నలభై యాభై ఏళ్ళ కిందట కట్టిన పెంకుటిల్లును తీసుకోవచ్చు. ముందు వరండా, మధ్య రెండు గదులు, వెనుక వంటిల్లు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, మట్టి అడుసు, పైన సున్నపు పూత, బంగళా పెంకు. కట్టిన నాడు నలుగురు మనుషులు. నేడు కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో పెరటి మరుగుదొడ్డికి నడవలేని తల్లి. వంటింటి కప్పు కారుతున్నది. చేతిలో మూడు నాలుగు లక్షలు. పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేదు, అలాగే ఉండే వీలు లేదు. రెండు రాష్ట్రాల్లోను ఇటువంటి ఇళ్ళు ఊరూరా కనిపిస్తాయి.

ధర తగ్గితే మిగిలేదెంత?

వెనుక భాగాన్ని తీసివేసి, 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిని స్లాబుతో వేయదలచారనుకుంటే సరకు లెక్క ఇలా ఉంటుంది.

గోడల మీద ఆనే భాగంతో కలిపి స్లాబు సుమారు 155 చదరపు అడుగులు. అయిదు అంగుళాల మందానికి 65 ఘనపు అడుగుల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ళ మిశ్రమానికి సిమెంటు 15 బస్తాలు, ఇసుక 28 ఘనపు అడుగులు, కంకర 56 ఘనపు అడుగులు, ఇనుము సుమారు 150 కిలోలు కావాలి. మూడు కొత్త గోడలు పది అడుగుల ఎత్తున లేపితే, తలుపు, రెండు కిటికీలు పోగా, మాడ్యులర్ సైజు ఇటుకలు మూడు వేలకు పైగా పడతాయి. గోడ కట్టుబడికి సిమెంటు ఎనిమిది తొమ్మిది బస్తాలు, లోపలా బయటా పూతకు అయిదు బస్తాలు. పునాది, గచ్చు కలుపుకుంటే మొత్తం సిమెంటు 40 బస్తాల దరిదాపున ఉంటుంది. లింటళ్ళతో కలిపి ఇనుము 200 కిలోలు.

బస్తాపై 20 రూపాయలు తగ్గితే 40 బస్తాలకు మిగిలేది 800 రూపాయలు. ఇనుము కిలోకు 3 రూపాయలు తగ్గితే మిగిలేది 600. రెండూ కలిపి 1,400 రూపాయలు. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీల రోజు కూలి మొత్తం 2,400 రూపాయలు అనుకుంటే, సరకు అందక వారు ఒక్క రోజు ఖాళీగా కూర్చున్నా నెలల తరబడి కాచుకుని మిగిల్చిన సొమ్ము అంతకంత పోతుంది. ధరలు తగ్గే వరకు వేరే ఇంట్లో అద్దెకు ఉంటే చెప్పనక్కరలేదు.

పన్ను తగ్గింపు సంగతీ ఇంతే. 2017 జులై నుంచి సిమెంటుపై 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. అంతకు ముందు 350 రూపాయలున్న బస్తాపై ఆ తగ్గింపు పూర్తిగా కొనేవారికి అందితే 27 రూపాయల మేలు. 40 బస్తాలకు 1,080 రూపాయలు. మంచిదే, కాని ఇంటి బడ్జెట్టును నిలబెట్టేది అది కాదు.

పాత కప్పు అంటే సరకు నిల్వ

వెనుక భాగం విప్పే ముందు పాత సామాను వర్తకులు వచ్చి గుత్తగా అడుగుతారు. కప్పు విప్పే కూలి తామే భరిస్తామని, చెత్త తామే ఎత్తుకుపోతామని, పైగా అయిదారు వేలు చేతిలో పెడతామని చెబుతారు. ఇంటివారికి అది పైసల్లేని పనిలా కనిపిస్తుంది. నష్టం ఇక్కడే మొదలవుతుంది.

కలపకు కొలత ఘనపు అడుగు. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు, ఆరు అంగుళాల మందం గల దూలంలో 4 ఘనపు అడుగుల కలప ఉంటుంది. పది అడుగుల పొడవు, మూడు అంగుళాలు రెండు అంగుళాలు గల వాసాలు ఇరవై ఉంటే 8 ఘనపు అడుగులకు పైమాట. ఒక ద్వారబంధంలో దాదాపు 3. వెరసి 15 ఘనపు అడుగులు. చెదలు తిన్నది, గోడలో ఆని పుచ్చిపోయిన కొసలు, మేకుల రంధ్రాలు కింద మూడో వంతు తీసివేసినా 10 ఘనపు అడుగుల మంచి కలప మిగులుతుంది. అది టేకు అయి, ఘనపు అడుగు 2,000 రూపాయలు పలికిందనుకుంటే 20,000 రూపాయల సరకు. గుత్తకు ఇస్తే వచ్చేది అందులో నాలుగో వంతు.

పాత టేకుకు వడ్రంగుల వద్ద గిరాకీ ఉండటానికి కారణం ఉన్నది. దశాబ్దాల పాటు ఆరిన కలప వంకరపోదు, బీటలు తీయదు. అడితిలో నేడు కొన్న పచ్చి కలపతో చేసిన తలుపు వర్షాకాలంలో బిగిసి, వేసవిలో వదులవుతుంది. అయితే పాత కలప అంతా టేకు కాదు. నల్లమద్ది, వేగిస, వేప కూడా ఆ రోజుల్లో వాడేవారు. వడ్రంగిని పిలిపించి, ఒక మూల చిత్రిక పట్టించి జాతి తేల్చుకున్న తరువాతే బేరానికి దిగాలి.

అమ్మడం కంటె వాడుకోవడం మేలు. కొత్త గదికి కావలసిన ద్వారబంధానికి 3 ఘనపు అడుగులు, రెండు కిటికీ చట్రాలకు మరి మూడుకు పైగా కలప పడుతుంది. పాత దూలం, వాసాలు కోయించుకుంటే కొత్త కలప కొనే పని ఉండదు. కోత మిల్లుకు పంపే ముందు మేకులన్నీ తీయించాలి. రంపం పన్ను విరిగితే దాని ఖర్చు సరకు యజమానిపైనే పడుతుంది.

పెంకుల విషయంలో కూడా ఇదే పద్ధతి. ముందు భాగంలో పగిలిన పెంకుల స్థానంలో అదే అచ్చు, అదే కొలత గల పెంకులు నేడు బజారులో దొరకడం కష్టం. వెనుక కప్పు నుంచి దించిన మంచి పెంకులను అమ్మకుండా ఎండలో ఆరబెట్టి, తట్టి చూసి, గణగణ మోగిన వాటిని ముందు కప్పు మరమ్మత్తుకు ఉంచుకోవాలి. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో ఏటా కొన్ని పెంకులు మార్చవలసి వస్తుంది కనుక ఒక వంద అదనంగా పెరట్లో పేర్చి పెట్టుకున్నా వృథా కాదు. గచ్చులోని తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళు అంచులు విరగకుండా తీయిస్తే మరుగుదొడ్డి ముందు నడవకు సరిపోతాయి. ఇటుక ముక్కలు పునాది కింద, గచ్చు కింద దిమ్మిసాకు పనికివస్తాయి. బయటకు పోవలసింది మట్టి మాత్రమే, అది కూడా మెరక పోసుకునే వారు తీసుకుపోతారు.

పాత గోడ ఎంత మోస్తుంది?

పెంకు తీసివేసి మొత్తం ఇంటికి స్లాబు వేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. డాబా అయితే పిల్లలకు పైన మరో గది వేసుకోవచ్చుననే ఆశ. ఇక్కడ తొందరపడితే సొమ్ముతో పోదు, ప్రాణాలకే ముప్పు.

కాంక్రీటు ఘనపు అడుగు బరువు సుమారు 71 కిలోలు. పైన చెప్పిన 155 చదరపు అడుగుల స్లాబు ఒక్కటే నాలుగున్నర టన్నుల పైచిలుకు. అదే విస్తీర్ణానికి కర్రలతో సహా బంగళా పెంకు కప్పు బరువు సుమారు ఒక టన్ను. అంటే గోడలు ఇప్పటి వరకు మోసిన దానికి నాలుగైదు రెట్లు మోయాలి. మట్టి అడుసుతో కట్టిన గోడ, రాళ్ళు పేర్చిన లోతు తక్కువ పునాది ఆ బరువుకు కట్టినవి కావు.

సిమెంటు పర్మిట్లపై దొరికిన రోజుల్లో కట్టిన ఇళ్ళ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1982 ఫిబ్రవరి 28న కేంద్ర ప్రభుత్వం సిమెంటుపై కంట్రోలును కొంత సడలించింది. 1989 మార్చి 1న పూర్తిగా ఎత్తివేసింది. అంతకు ముందు సామాన్యుడికి దొరికిన కొద్ది బస్తాలు పై పూతకో, గచ్చుకో పోయేవి. లోపల గోడ మట్టితోనో, సున్నంతోనో లేచేది. పైన సిమెంటు పూత కనిపించినంత మాత్రాన లోపల సిమెంటు ఉన్నదని అనుకోరాదు. ఒక మూల చేతి వెడల్పున పూత రాల్చి, ఇటుకల మధ్య సందును మేకుతో గీకి చూస్తే తెలుస్తుంది. పొడిగా రాలితే మట్టి.

అటువంటి ఇంటిలో ముందు భాగానికి పెంకునే ఉంచి, వెనుక కొత్త గదిని దాని సొంత పునాదిపై, సొంత గోడలపై లేపుకోవడం క్షేమం. పాత గోడ వైపు కొత్త స్లాబును ఆనించకుండా రెండు కాంక్రీటు స్తంభాలు, వాటిపై దూలం వేయిస్తే ఖర్చు కొంత పెరుగుతుంది, భయం తీరుతుంది. కొత్త కట్టుబడికీ పాత గోడకూ మధ్య సన్నని సందు వదిలి, పైనుంచి నీరు దిగకుండా రేకు మూయించాలి. కొత్త పునాది కొంత కుంగడం సహజం. రెండింటినీ కలిపి బిగిస్తే బీట తప్పదు. డాబా పైన మరో అంతస్తు ఆలోచన ఉంటే ఇంజనీరు చేత పరీక్ష చేయించకుండా ముందుకు పోరాదు. ఆ పరీక్షకయ్యే ఖర్చు ఈ పని మొత్తంలో అన్నిటికంటె చవక.

పాత గోడకు పూత వేయించేటప్పుడు కూడా సిమెంటు పిచ్చి పనికిరాదు. మట్టి గోడ, సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతూ ఉంటాయి. గట్టి సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. నాలుగైదు వర్షాకాలాలు గడిచేసరికి చెమ్మ లోపలే నిలిచి, పూత పెచ్చులుగా ఊడిపడుతుంది. సున్నపు పూతకు సున్నమే జోడు. సున్నానికి పేరుపొందిన పిడుగురాళ్ళ నేటికీ ఉన్నది. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, వెతికి పట్టుకోవాలి.

ఇంట్లో పాత ఆస్బెస్టాస్ రేకులు ఉంటే వాటిని పగలగొట్టడం, పొడిగా కోయడం చేయించరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరం. నీళ్ళు చల్లి, మేకులు విప్పి, రేకు రేకుగా దించాలి. ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచాలి.

కొలతలో పోయే సొమ్ము

ఇసుక: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 8 నుంచి ఉచిత ఇసుక విధానం అమలులోకి వచ్చింది. ఇసుకకు వెల లేకపోయినా తవ్వకం, ఎత్తుబడి, రవాణా ఖర్చులు కొనేవారివే. రేవుకు దూరమైన కొద్దీ కిరాయే ఇసుక ధర. తెలంగాణలో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే పద్ధతి ఉన్నది. ఎక్కడైనా మోసం జరిగేది కొలతలో. తడి ఇసుక పొంగుతుంది. కొద్దిపాటి తేమ ఉంటే చాలు, 20 నుంచి 30 శాతం వరకు ఎక్కువగా కనిపిస్తుంది. 25 శాతం పొంగిన ఇసుక వంద ఘనపు అడుగుల యూనిట్ తెచ్చుకుంటే చేతికి వచ్చేది 80 ఘనపు అడుగులే. ఒక డబ్బాలో మూడు వంతుల్లో రెండు వంతులు ఇసుక పోసి ఎత్తు కొలిచి, దానిని తీసి, అదే డబ్బా సగానికి నీళ్ళు పోసి, ఇసుకను తిరిగి అందులో వేసి కలిపి చూస్తే ఎంత కుదించుకున్నదీ తెలుస్తుంది. బట్టువాడా ఇచ్చే ముందు అయిదు నిమిషాల పని. సీసాలో ఇసుక, ఉప్పు నీళ్ళు పోసి కుదిపి మూడు గంటలు ఉంచితే పైన ఒండ్రు పొర తేలుతుంది. అది 8 శాతానికి మించితే ఆ ఇసుక స్లాబుకు పనికిరాదు.

ఇనుము: కడ్డీల లెక్కన కాక తూకం లెక్కన కొనాలి. 12 మీటర్ల పొడవు గల 8 మిల్లీమీటర్ల కడ్డీ 4.74 కిలోలు, 10 మిల్లీమీటర్లది 7.4 కిలోలు, 12 మిల్లీమీటర్లది 10.66 కిలోలు తూగాలి. మిల్లీమీటర్లను వాటితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. ప్రమాణాల ప్రకారం కొంత తేడాకు అవకాశం ఉన్నది కాని, నూటికి పది పన్నెండు తక్కువగా ఉంటే అది చవక సరకు కాదు, తక్కువ సరకు. ఐఎస్ఐ గుర్తు, ఫే 500 వంటి గ్రేడు అంకె కడ్డీపైనే అచ్చుపడి ఉండాలి.

సిమెంటు: గది పనికి 40 బస్తాలు ఒకేసారి దించుకుంటే కిరాయి కలిసివస్తుందని కొందరి లెక్క. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు బలంలో సుమారు అయిదో వంతు పోతుంది. వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. వారం పది రోజుల పనికి సరిపడేంతే తెప్పించి, నేలకు తగలకుండా చెక్కలపై, గోడకు అడుగు దూరంలో, పది బస్తాలకు మించని ఎత్తున పేర్చాలి. బస్తాపై తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. చూడకుండా డబ్బు కట్టరాదు. కట్టుబడికి, పూతకు 53 గ్రేడు అక్కరలేదు. పొజలానా సిమెంటు సరిపోతుంది. దానికి నీళ్ళు పది రోజులు పట్టాలి. స్లాబు కింద సెంట్రింగు కర్రలు కూడా తొందరపడి తీయించరాదు.

ఇటుక: బట్టీలు వానలు వెనుకపట్టిన తరువాత మొదలై వేసవి చివరి వరకు కాలుతాయి. వానలు దిగగానే ఆగుతాయి. కనుక ఎండాకాలం చివర కొని పెట్టుకోదగిన సరకు ఇదొక్కటే. సిమెంటులా పాడవదు. రెండు ఇటుకలు తట్టితే కంగుమనాలి. నూటికి అయిదు విరుగుడు కింద లెక్కవేసుకోవాలి.

పని మొదలుపెట్టే నెల కూడా ధరే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు కనుక కొత్త పనులు తక్కువ, మేస్త్రీలు దొరుకుతారు. కొత్త శంకుస్థాపన కాని మరమ్మత్తు పనికి ఈ పట్టింపు లేని కుటుంబాలు ఈ రోజులను వాడుకోవచ్చు. అయితే ఆషాఢంలో కప్పు విప్పరాదు. నాట్లు, కోతల సమయంలోను, సంక్రాంతి ముందు వెనుకలా కూలీల కొరత తప్పదు.

డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

బడ్జెట్టు తప్పిన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే పొరపాటు వరస తప్పడం. పండగకో, పెళ్ళికో ముందుగదికి రంగులు వేయించి, టైల్స్ పరిపించి, ఆ తరువాత వైరింగు పాడైనదని గోడ తవ్వించడం, పైపు కారుతున్నదని గచ్చు పగలగొట్టించడం. ఒకే పనికి రెండు ఖర్చులు. ముందు నీరు, అనగా కప్పు కారుబాటు, మురుగు పారుదల. తరువాత గోడల బీటలు. ఆ తరువాత మరుగుదొడ్డి, వైరింగు. పిమ్మట కొత్త గది. గచ్చు, రంగులు చిట్టచివర. డబ్బు మధ్యలో అయిపోయినా రంగు లేని ఇంట్లో కాపురం సాగుతుంది. కప్పు లేని ఇంట్లో సాగదు.

వైరింగు విషయంలో దీపాలకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. ఇంట్లో మనుషులు పెరిగితే ప్లగ్గులు పెరుగుతాయి. పాత తీగ ఆ బరువు మోయలేదు. తీసిన పాత రాగి తీగను చెత్తలో వేయక తూకానికి అమ్మాలి.

అంచనా వేసిన మొత్తంలో నూటికి 15 వంతులు విడిగా ఉంచనిదే పని మొదలుపెట్టరాదు. పాత ఇల్లు విప్పితే లోపల ఏముంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. మేస్త్రీకి బయానా అవసరమే కాని, పునాదికి, గోడలకు, స్లాబుకు, పూతకు విడి విడిగా పని జరిగిన మేరకే చెల్లింపు ఉండాలి. ఏ సరకు ఎవరు తేవాలో కాగితంపై రాసుకోవాలి.

అప్పు చేయక తప్పకపోతే దాని లెక్క సిమెంటు లెక్క కంటె పెద్దది. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000 రూపాయలు వడ్డీకే పోతుంది. అయిదేళ్ళలో 3,60,000 కట్టినా అసలు మూడు లక్షలు అలాగే నిలిచి ఉంటుంది. అదే మొత్తం ఏడాదికి 10 శాతం వడ్డీకి బ్యాంకులో తీసుకుంటే నెలకు సుమారు 6,375 రూపాయల వాయిదాతో అయిదేళ్ళకు అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి. నెలకు 375 రూపాయల తేడా, చివరకు మూడు లక్షల తేడా. సొంత నివాసపు మరమ్మత్తు అప్పుపై వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 రూపాయల వరకు మినహాయింపు కూడా ఉన్నది. ఇందుకు ఇంటి పత్రాలు, పన్ను రసీదులు ఇంటి యజమాని పేరున సరిగా ఉండాలి. తండ్రి పేరునో, తాత పేరునో ఉండిపోయిన ఇల్లయితే మేస్త్రీని పిలిచే ముందు ఆ పని ముగించుకోవడం మంచిది.

ధరలు పెరుగుతాయి, తగ్గుతాయి. అవి కొనేవారి చేతిలో లేవు. ఎంత కావాలో, ఎంత వచ్చిందో, ఎంత మిగిలిందో తెలుసుకోవడం మాత్రం ఒక టేపు, ఒక తక్కెడ, ఒక నోటుపుస్తకం ఉన్న ప్రతి కుటుంబం చేతిలోనూ ఉన్నది. వెనుక గది పూర్తయి, మరుగుదొడ్డి గడప దాటితే చాలు అన్నంత దగ్గరకు వచ్చి, ముసలితల్లి వానలో పెరట్లోకి నడవనక్కర లేకపోతే, ఆ ఇంటికి పెట్టిన ఖర్చు గిట్టినట్టే.